తీరిక వేళ — ఉప్పునీటి తొట్టి పెట్టబోయే ముందు

ఈ వారం టపాలో కాకినాడ నుండి ఒక సోదరి వ్రాసిన ఉత్తరం వచ్చింది. నాలుగు పుటల ఉత్తరం. ఇంట్లో ఇదివరకు మంచినీటి చేపల తొట్టి ఒకటి ఉండేదట. అందులో రెండు గోల్డుఫిష్‌లు మూడేళ్ళు సుఖంగా బ్రతికాయట. ఇప్పుడు పెద్దబ్బాయికి పదో ఏడు నిండబోతున్నది. పుట్టినరోజుకు సముద్రపు చేపల తొట్టి కావాలని పట్టుబట్టాడు. తండ్రిగారు మొదట వల్లకాదన్నారు. తరువాత మామగారు మనుమడి తరఫున వకాల్తా పుచ్చుకోవడంతో మెత్తబడి డబ్బు ఇవ్వడానికి ఒప్పుకొన్నారు. పుట్టినరోజుకు ఇంకా ఇరవై రెండు రోజులున్నది. "ఆనాటికి తొట్టిలో నీమో, డోరీ, ఒక సముద్ర గుర్రం తిరుగుతూ ఉండాలని వాడి కోరిక. ఏమేమి కొనాలో, ఎంత ఉప్పు కలపాలో చెప్పండి. మాకు సముద్రం దగ్గరే గనుక నీళ్ళు అక్కడినుండే తెచ్చుకోమంటారా? లేకపోతే కల్లుప్పు కలిపితే సరిపోతుందా?" అని సోదరి ప్రశ్న.

అమ్మా, ముందుగా చేదుమాట చెప్పేస్తాను. ఆ పుట్టినరోజుకు మీ తొట్టిలో చేప ఉండకూడదు. ఉంటే, కేకు కోసిన మరునాటినుండి ఒక్కొక్కటే తీసి పారవేయవలసివస్తుంది.

ఇది ఎక్కడో చదివి చెబుతున్న మాట కాదు. 2003లో 'ఫైండింగ్ నీమో' అనే బొమ్మల చిత్రం వచ్చింది. చూడని పెద్దలకోసం చెబుతున్నాను: నీమో అంటే నారింజరంగు ఒంటిమీద తెల్లపట్టీలున్న క్లౌన్ చేప, డోరీ అంటే పసుపు తోక ఉన్న నీలిరంగు చేప. అప్పుడు మేము విశాఖపట్నంలో ఉండేవాళ్ళం. ఆ చిత్రం చూసినప్పటినుండి మా చిన్నమ్మాయిది మీ అబ్బాయి పాటే. నేనూ మురిసిపోయి రెండడుగుల తొట్టి ఒకటి కొన్నాను. బీచికి వెళ్ళి ప్లాస్టిక్ డబ్బాలతో సముద్రపు నీళ్ళు పట్టుకొచ్చి స్కూటరు మీద నాలుగు విడతలుగా ఇంటికి చేర్చాను. ఆ సాయంత్రమే ఆరు చేపలు వేశాను. "ఈరోజే వేసుకోవచ్చు సార్, ఏం ఫరవాలేదు" అన్నాడు కొట్టు అతను. మూడోనాడు ఒకటి పోయింది. పదకొండో రోజుకు తొట్టి ఖాళీ. మా అమ్మాయి ఏడవలేదు కాని, తొట్టిలోకి చాలాసేపు చూసి, "నాన్నా, నీళ్ళు తేటగానే ఉన్నాయి కదా, మరి ఎందుకు చచ్చిపోయాయి?" అని అడిగింది. ఆనాడు నాకు సమాధానం తెలియదు.

సమాధానం ఇదీ. చేప తిన్నది అరిగిన తరువాత మొప్పల ద్వారా అమోనియాను విడుస్తుంది. మిగిలిపోయిన మేత కుళ్ళినా అమోనియాయే వస్తుంది. అది కంటికి కనబడదు. నీళ్ళు అద్దంలా తేటగా ఉండగానే అది చేప మొప్పలను కాల్చివేస్తుంది. సముద్రపు నీటికి క్షారగుణం ఎక్కువ, పి.హెచ్. 8.1 మొదలు 8.4 దాకా ఉంటుంది. అటువంటి నీటిలో అమోనియా విషం మరింత తీవ్రం. మీ గోల్డుఫిష్‌లు తట్టుకొన్న తప్పును సముద్రపు చేపలు తట్టుకోలేకపోవడానికి అదొక కారణం.

ఐతే సముద్రంలో చేపలెలా బ్రతుకుతున్నాయంటారా? అక్కడ రాళ్ళకూ ఇసుకకూ అంటుకొని కోటానుకోట్ల సూక్ష్మజీవులున్నాయి. ఒక తెగ అమోనియాను తిని నైట్రైటుగా మారుస్తుంది. అదీ విషమే. రెండో తెగ ఆ నైట్రైటును నైట్రేటుగా మారుస్తుంది. దీనితో అంత ప్రమాదం లేదు, అప్పుడప్పుడు కొంత నీరు మారిస్తే పోతుంది. కొత్త తొట్టిలో ఈ రెండు తెగలూ ఉండవు. వాటంతట అవి వచ్చి, పెరిగి, రాళ్ళనిండా కాపురం పెట్టడానికి నాలుగు మొదలు ఆరు వారాలు పడుతుంది.

పాలు తోడుకోవడం వంటిదే ఇదీ. తోడు వేసి కదపకుండా ఉంచితే పెరుగవుతుంది. అరగంటకొకసారి మూత తీసి చూసినంతమాత్రాన త్వరగా కాదు. మీ ఊళ్ళో ఎవరింట్లోనైనా ఆరోగ్యంగా నడుస్తున్న ఉప్పునీటి తొట్టి ఉంటే, వారి ఫిల్టరులోనుండి గుప్పెడు రాతిముక్కలు అడిగి తెచ్చి మీ ఫిల్టరులో వేయండి. అదే తోడు. అప్పుడు నాలుగు వారాల లోపలే పని కావచ్చు.

ఐతే ఆ సూక్ష్మజీవులకు మొదట మేత కావాలి గదా! చేపను వేసి దాని అమోనియాతో వాటిని పెంచడం పాత పద్ధతి. అంటే ఒక ప్రాణిని విషంలో ఉంచి, బ్రతికితే చూద్దామనడం. చవకగా దొరికే నీలి డాంసెల్ చేపలను ఇందుకోసమే అంటగట్టేవారు కొందరున్నారు. అవి గట్టిపిండాలు గనుక ఒక్కోసారి బ్రతుకుతాయి. బ్రతికి, తొట్టి అంతా తమదేనని, తరువాత వచ్చిన ప్రతి చేపనూ తరిమి కొరుకుతాయి. అది వద్దు. బజారునుండి ఒక్క పచ్చి రొయ్యను తెచ్చి పల్చటి గుడ్డలో కట్టి తొట్టిలో వ్రేలాడదీయండి. అది కుళ్ళుతూ కావలసిన అమోనియాను ఇస్తుంది. మా ఇంట రొయ్య గడప దాటరాదనేవారు అమ్మోనియం క్లోరైడు వాడవచ్చు. అంటే మరేమీ కాదు, ఇత్తడి గిన్నెలకు కళాయి వేసేవారు వాడే నవాసాగరమే. కాని ఆ బజారు సరుకు శుద్ధమైనది కాదు. కళాశాలల ప్రయోగశాలలకు రసాయనాలు అమ్మే కొట్లో శుద్ధమైనది అడిగి, చిటికెడు చిటికెడుగా వేసి పరీక్షించి చూసుకోవాలి.

పరీక్షించడానికి అమోనియా, నైట్రైటు, నైట్రేటులకు విడివిడిగా రంగుచుక్కల మందులు దొరుకుతాయి. తొట్టి నీళ్ళు కొంచెం గొట్టంలో పోసి చుక్కలు వేసి, వచ్చిన రంగును అట్టమీది రంగుతో పోల్చాలి. మొదట అమోనియా ఎక్కుతుంది. అది దిగుతూండగా నైట్రైటు ఎక్కుతుంది. అదీ దిగి, రెండూ సున్నాకు వచ్చి, నైట్రేటు ఒక్కటే కనబడిన నాడు తొట్టి తోడుకొన్నట్టు లెక్క. అప్పుడు సగం దాకా నీరు మార్చి, మొదటి చేపను తేవచ్చు. అంతకుముందు కాదు.

ఇక సామగ్రి. చాలామంది ఖర్చుకు భయపడి చిన్న తొట్టితో మొదలుపెడతారు. అది పొదుపు కాదు. చెంబెడు నీళ్ళలో చిటికెడు విషం కలిస్తే ఒక మాట, గంగాళంలో కలిస్తే ఒక మాట. వేడీ, ఉప్పదనమూ కూడా చిన్న తొట్టిలో క్షణాల మీద మారిపోతాయి. మూడడుగుల పొడవు, ఒకటిన్నర వెడల్పు, ఒకటిన్నర ఎత్తు ఉన్న తొట్టి మీకు చాలు. దానిలో సుమారు 190 లీటర్లు పడతాయి. రాళ్ళు, గాజు, బల్ల అన్నీ కలిసి 250 కిలోలు దాటుతుంది గనుక, ఇనుప చట్రం బల్ల చేయించి, మేడమీద ఐతే గోడవారగా ఉంచండి. ఎండ తగిలే కిటికీ వద్దు, నాచు పట్టి నరకమవుతుంది. మరొక మాట, దోమల మందు చాలా ఇళ్ళలో రాత్రంతా ఆవిరవుతూ ఉంటుంది. ఆ జాతి మందులు మనకు చేసే హానికంటే చేపలకూ రొయ్యలకూ చేసే హాని అనేక రెట్లు ఎక్కువ. తొట్టి ఉన్న గదిలో ఆ సీసా పెట్టకండి, పురుగుల మందు కొట్టకండి. దోమతెర కట్టుకోండి.

సముద్రం దగ్గరే కదా అన్నారు. నేను చేసిన తప్పే అది. ఒడ్డున దొరికే నీటిలో ఊరి మురుగూ పడవల నూనే కలుస్తాయి. మీ కాకినాడ పక్కనే గోదావరి సముద్రంలో కలుస్తున్నది. వరదల కాలంలో అక్కడి నీరు ఎంత పలచబడుతుందో మీకు నేను చెప్పనక్కరలేదు. సముద్రపు నీటిలో లీటరుకు 35 గ్రాముల లవణాలు ఉండాలి. మన ఒడ్డున అది నెలకొక తీరుగా ఉంటుంది.

కల్లుప్పు సంగతి ఇంకా చిత్రం. నౌపడలోనో చినగంజాములోనో ఉప్పుమళ్ళను చూసినవారికి తెలుస్తుంది. సముద్రపు నీరు మడిలో ఎండేటప్పుడు సున్నపు పాలు ముందే అడుగుకు దిగిపోతుంది. తరువాత ఉప్పు గడ్డకడుతుంది. మెగ్నీషియం మొదలైనవి కలిసిన చేదునీటిని వదిలేస్తారు. లేకపోతే ఉప్పు నోట పెట్టుకోలేము. అంటే మన వంటింటి ఉప్పు, సముద్రంలోనుండి ఏరి తీసిన ఒక్క పదార్థం. సముద్రపు లవణాలలో అది నూటికి 85 పాళ్ళు, నిజమే. చేపకు మిగతా 15 పాళ్ళూ కావాలి. అందుచేత అక్వేరియం కొట్లలో దొరికే సముద్రపు ఉప్పు మిశ్రమమే కొనండి. లీటరుకు 35 నుండి 40 గ్రాములు, అంటే మీ తొట్టికి మొదట ఆరేడు కిలోలు. తరువాత వారానికి 20 లీటర్ల నీరు మార్చడానికి ముప్పావుకిలో. నెలకు మూడు కిలోల ఉప్పు ఖర్చు పాలవాడి లెక్కలాగా శాశ్వతమని మీవారికి ఇప్పుడే చెప్పి ఉంచండి. తొట్టి ధర చూసి ఒప్పుకొన్నవారు ఈ లెక్క దగ్గర అలిగిన ఇళ్ళను నేనెరుగుదును.

ఉప్పును మున్సిపాలిటీ నీళ్ళలో కలపకూడదు, అందులో క్లోరిను ఉంటుంది. బోరు నీళ్ళలో ఏముంటుందో చెప్పలేము. ఆర్.ఓ. నీళ్ళు వాడండి. రాగి బిందెలో పట్టిన నీళ్ళు మాత్రం వద్దు. మనకు పవిత్రమైన రాగి, రొయ్యలకూ నత్తలకూ విషం. బకెట్టులో నీళ్ళు పోసి, ఉప్పు వేసి, చిన్న పంపుతో ఒక రోజు తిప్పి, హైడ్రోమీటరుతో సాంద్రత చూడండి. 1.025 దగ్గర ఉండాలి.

ఫిల్టరు, నీటిని తిప్పే పంపు తప్పవు. ప్రోటీన్ స్కిమ్మరు అనే పరికరం కొనగలిగితే మంచిది. పాకం కాచేటప్పుడు మురికి నురుగై పైకి తేలితే గరిటెతో తీసేస్తాం చూడండి, అదే పని అది నీటిలో చేస్తుంది. ఖరీదైన దీపాలు మీకు అక్కరలేదు. అవి పగడాలు పెంచేవారికి.

మన ఎండాకాలం మాత్రం పెద్ద గండమే. ఈ చేపలకు 25, 26 డిగ్రీలు హాయి. ముప్ఫై దాటితే నీటిలో ప్రాణవాయువు తగ్గి, చేపలు పైకివచ్చి నోళ్ళు తెరుస్తాయి. ఏ.సి. ఉన్న గదిలో తొట్టి పెట్టుకోగలిగితే సగం బాధ తీరుతుంది. లేనివారు నీటిమీదికి గాలి కొట్టేలా చిన్న ఫాను బిగిస్తే రెండు మూడు డిగ్రీలు దిగుతుంది. ఐతే గాలి కొట్టినకొద్దీ నీరు ఆవిరవుతుంది. ఆవిరయ్యేది నీళ్ళే, ఉప్పు కాదు. కనుక తగ్గిన మేరకు మంచినీళ్ళే పోయాలి. ఇక్కడ ఉప్పునీళ్ళు పోసి, పది రోజుల్లో తొట్టిని పచ్చడిజాడీ చేసినవారున్నారు.

కరెంటు పోయినప్పుడు బ్యాటరీతో నడిచే గాలిపంపు ఒకటి ఉండాలి. అదీ లేకపోతే చెంబుతో నీళ్ళు ముంచి జానెడు ఎత్తునుండి తొట్టిలోనే పోస్తూ ఉండండి. నవ్వకండి. 1846లో లండనులో ఆనా థిన్ అనే దొరసాని సముద్రతీరంనుండి పగడపు జీవులను తెచ్చి ఇంట్లో ఈ విధంగానే బ్రతికించింది. ఆమె పనిమనిషి రోజూ కిటికీ ముందు నిలబడి నీళ్ళను ఒక పాత్రలోనుండి మరొక పాత్రలోకి తిరగబోసేదట. ఇళ్ళలో ఉప్పునీటి తొట్టి అనే వేడుకకు ఆ కష్టజీవి చేతులే తొలి పంపు.

ఇప్పుడు అబ్బాయి జాబితాకు వద్దాం.

సముద్ర గుర్రం కుదరదు. సముద్ర గుర్రాలనూ పగడాలనూ 2001లో వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణలోకి తెచ్చారు. మన సముద్రంనుండి వాటిని పట్టడం, అమ్మడం నేరం. పగడాలు అంటుకొన్న 'బ్రతుకు రాయి' అని ఎవరైనా చాటుగా అమ్మబోతే తీసుకోకండి. గుల్లగుల్లగా ఉన్న పింగాణీ రాళ్ళు చాలు. సూక్ష్మజీవులకు కాపురం ఉండటానికి చోటు కావాలి కాని వంశగౌరవం కాదు.

డోరీ కూడా వద్దు. కొట్లో రెండంగుళాలుండే ఆ నీలిచేప పెరిగితే అడుగు పొడవవుతుంది. రోజంతా ఈదుతూనే ఉంటుంది. ఆరడుగుల తొట్టి కూడా దానికి ఇరుకే. పైగా తోకకు రెండు వైపులా కత్తివంటి ముల్లు ఉంటుంది. ఆ జాతిని మనుషుల పోషణలో పెంచడం 2016లో గాని ఫ్లోరిడా విశ్వవిద్యాలయం వారికి సాధ్యం కాలేదు. అంటే కొట్లో కనబడే డోరీ దాదాపు ఎప్పుడూ సముద్రంలో పట్టినదే. పట్టే తీరు అన్నిచోట్లా మంచిది కాదు. ఫిలిప్పీన్సు వంటి చోట్ల 1960ల నుండి సయనైడు చల్లి, చేపలు మత్తెక్కి తూలుతూంటే పట్టే అలవాటు ఉన్నది. అటువంటి చేప కొట్లో చక్కగానే కనబడి, ఇంటికి వచ్చిన కొన్ని వారాలకు కారణం తెలియకుండా చచ్చిపోతుంది.

నీమో మాత్రం తప్పకుండా తెచ్చుకోండి. క్లౌన్ చేపలను తొట్లలోనే గ్రుడ్లు పెట్టించి పెంచడం ఇప్పుడు బాగా సాగుతున్నది. మన కేంద్ర సముద్ర మత్స్య పరిశోధనా సంస్థ వారు కూడా ఆ పద్ధతిని సాధించారు. అలా పుట్టిన పిల్ల గాజుగోడకూ పొడిమేతకూ అలవాటుపడి ఉంటుంది. "పెంచిన చేపా? పట్టిన చేపా?" అని మొదట అడగండి. సముద్రంలో అది ఎనిమోను చేతుల మధ్య కాపురముంటుంది కదా, ఎనిమోను కూడా కొనాలేమో అనుకోకండి. అది లేకపోయినా క్లౌను హాయిగా ఉంటుంది. చిన్నవి రెండు తీసుకోండి, ఒకటి కొంచెం పెద్దది, ఒకటి చిన్నది. ఈ జాతిలో అన్నీ మగవిగానే మొదలై, జంటలో పెద్దది ఆడదిగా మారుతుంది. ఇంటి పెత్తనం ఆవిడదే. గ్రుడ్లు పెడితే కాపలా కాసేది, రెక్కలతో విసిరేది ఎక్కువగా నాన్నగారు. బాగా చూసుకొంటే పదేళ్ళకు పైగా బ్రతుకుతాయి. మీ అబ్బాయి కళాశాల చదువు ముగిసేనాటికి కూడా ఉండవచ్చునన్నమాట.

వాటికి తోడుగా బంగాయి కార్డినల్ ఒకటి పెట్టవచ్చు. వెండి ఒంటిమీద నల్లచారలు, నెమ్మదైన చేప. ఇది ఇండోనీషియాలోని బంగాయి దీవుల చుట్టూ తప్ప సహజంగా పుట్టదు. విపరీతంగా పట్టినందువల్ల అక్కడ అపాయస్థితికి వచ్చింది. కాబట్టి పెంచినదైతేనే కొనండి. మగ చేప గ్రుడ్లను నోట్లో పెట్టుకొని ఉపవాసముండి పొదుగుతుంది. ఇక అబ్బాయికి అన్నిటికంటే నచ్చేది, దొరికితే, కాపలా గోబీ. పిస్టల్ రొయ్య అనే చూపు మందమైన రొయ్య ఇసుకలో బొరియ త్రవ్వుతూ ఉంటుంది. గోబీ వాకిట కూర్చొని కాపలా కాస్తుంది. రొయ్య తన మీసాన్ని ఎప్పుడూ గోబీ ఒంటికి ఆనించే ఉంచుతుంది. గోబీ తోక కదిపిందా, ఇద్దరూ బొరియలోకి! నేను గంటలకొద్దీ చూశాను, ఆఫీసుకు ఆలస్యం కూడా అయ్యాను.

ఇంతే. నాలుగు చేపలు, ఒక రొయ్య, నాచు తినే నాలుగు నత్తలు. గోబీని, కార్డినల్‌ను ముందు వేసి, పెత్తనం చేసే క్లౌన్లను చివర వేయండి. ఒకదాని తరువాత మరొకటి రెండు మూడు వారాల ఎడం ఇవ్వండి. కొట్లో ఎంత అందంగా కనబడినా మాండరిన్ చేప వద్దు, బ్రతికివున్న అతి చిన్న పురుగులను తప్ప తినక మాడిపోతుంది. సీతాకోకచిలుక చేపలలో చాలావరకు పగడాలనే తింటాయి. లయన్ చేప ముళ్ళలో విషం, చిన్న చేపలు దానికి ఫలహారం.

కొనేముందు మీ కళ్ళముందు మేత వేయించి చూడండి. తినని చేపను, ఆయాసపడే చేపను, ఒంటిమీద ఉప్పురవ్వల్లాంటి తెల్లమచ్చలున్న చేపను జాలిపడి కూడా తేకండి. ఆ తెల్లమచ్చల జబ్బు తొట్టినంతా ఖాళీ చేస్తుంది. కొత్త చేపను మూడు నాలుగు వారాలు వేరే చిన్న తొట్టిలో ఉంచి చూసుకోవాలి. రాగి మందు వేయవలసివస్తే ఆ చిన్న తొట్టిలోనే వేయాలి.

పుట్టినరోజు మాటేమిటంటారా? ఆనాటికి తొట్టి, బల్ల, రాళ్ళు, ఇసుక సిద్ధం చేయండి. ఉప్పు కలపడం అబ్బాయి చేతనే చేయించండి. హైడ్రోమీటరు వాడికి స్వంతంగా ఒకటి కొనిపెట్టండి. రంగుచుక్కల పరీక్ష వాడిదే, అది మా అమ్మాయికి రెండోసారి నేను ఇచ్చిన పని. తారీఖు, అమోనియా, నైట్రైటు, నైట్రేటు అని నాలుగు వరుసలు గీసిన నోటుబుక్కు కూడా ఇవ్వండి. చేప లేని తొట్టి ముందు ఆరు వారాలు కూర్చోగలిగిన పిల్లవాడికి చేపను నమ్మి ఇవ్వవచ్చు. రెండూ సున్నాకు దిగినవారం నాకు ఒక కార్డు ముక్క వ్రాయమనండి.

మామగారు వకాల్తా పుచ్చుకొన్నారు గనుక వారికీ ఒక పని ఉన్నది. నీళ్ళు ఉండవలసిన మట్టానికి గాజు మీద ఒక గీత గీయండి. ప్రతి ఉదయం కాఫీ అయిన తరువాత, ఆ గీత దాకా మంచినీళ్ళు పోయడం వారి వంతు.